పాతకాలపు ఔట్‌బోర్డ్ మోటారుకు ఎలక్ట్రిక్ స్టార్ట్ అమర్చడం: ఫ్లైవీలు, స్టార్టరు, వైరింగు గురించి సలహాలు కావాలి

అలలబాట

అందరికీ నమస్కారం. నా దగ్గర 1957 నాటి జాన్సన్ ఔట్‌బోర్డ్ మోటారు (పడవ వెనుక అంచుకు బయట బిగించే ఇంజను) ఉంది. రెండు సిలిండర్లు, టూ స్ట్రోక్, 35 హార్స్‌పవర్. మోడల్ సంఖ్య ఆర్‌డీ అక్షరాలతో మొదలవుతుంది, అంటే తాడు లాగి స్టార్ట్ చేసే రకం. పదకొండేళ్లుగా దీన్ని నేనే విప్పి, శుభ్రం చేసి, బిగించి నడుపుకుంటున్నాను. రెండేళ్ల క్రితం కుడి భుజానికి శస్త్రచికిత్స జరిగింది. అప్పటి నుంచి ఆ తాడు లాగడం నా వల్ల కావడం లేదు. ఎడమ చేత్తో ప్రయత్నిస్తే పిస్టను కంప్రెషన్ దగ్గరే తాడు ఆగిపోతోంది. అలాగని మోటారును వదులుకోవడానికి మనసు ఒప్పడం లేదు.

అదే ఏడాది అదే శక్తితో ఎలక్ట్రిక్ స్టార్ట్‌తో వచ్చిన ఆర్‌డీఈ మోడల్ ఒకటి, కింది గేర్‌బాక్సు పగిలిపోయి, విడిభాగాల కోసం నాకు దొరికింది. దాని స్టార్టరు మోటారు, బ్రాకెట్టు విప్పి పెట్టుకున్నాను. నా ఫ్లైవీలుకు (క్రాంక్ షాఫ్ట్ పై కొనన తిరిగే బరువైన చక్రానికి) రింగ్ గేర్, అంటే స్టార్టరు పట్టుకుని తిప్పే పళ్ల అంచు, లేదు. నాకు తెలిసిన లేత్ పనివారు ఒకరు ఇనుప పళ్ల చక్రం చేయించి, నా ఫ్లైవీలు అంచుకు బోల్టులతో బిగించి ఇస్తానంటున్నారు. వైరింగుకు కారు తాళం స్విచ్చు, కారు సోలనాయిడ్ (తాళం తిప్పినప్పుడు బ్యాటరీని స్టార్టరుకు కలిపే విద్యుదయస్కాంత స్విచ్చు) వాడుకోవచ్చా? ఇంకా ఏమేం గమనించాలి? పని మొదలుపెట్టక ముందే అడుగుతున్నాను.

మ్యాగ్నెటోమిత్ర

నమస్కారం అలలబాట గారు. స్టార్టరు సంగతికి ముందు ఒక ప్రశ్న. మీ భుజం బాగున్న రోజుల్లో ఆ మోటారు ఎన్ని లాగుళ్లకు అందుకునేది? చల్లగా ఉన్నప్పుడు రెండు మూడు లాగుళ్లకు, వేడిగా ఉన్నప్పుడు ఒక్క లాగుడుకు అందుకునేదైతే ముందుకు వెళ్లండి. పది పదిహేను పట్టేదైతే మాత్రం అది స్టార్టరుతో తీరే జబ్బు కాదు. చేతితో అందుకోని మోటారు బ్యాటరీతోనూ అందుకోదు. మీ చేతికి బదులు బ్యాటరీ అలసిపోతుంది, అంతే తేడా.

ఎందుకంటే మ్యాగ్నెటోలో (బ్యాటరీ లేకుండా, ఫ్లైవీలులోని అయస్కాంతాలతోనే రవ్వ పుట్టించే అమరికలో) నిప్పురవ్వ బలం ఫ్లైవీలు తిరిగే వేగం మీద ఆధారపడి ఉంటుంది. అయస్కాంతాలు కాయిల్ ముందు నుంచి ఎంత చురుకుగా కదిలితే అంత వోల్టేజీ పుడుతుంది. 1921లో ఓలె ఎవిన్‌రూడ్ తెచ్చిన ఎల్టో మోటారు ఫ్లైవీలును చేత్తో కొద్దిగా విసిరితేనే అందుకునేదని పేరు తెచ్చుకోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. దానిలో మ్యాగ్నెటో కాకుండా బ్యాటరీ ఇగ్నిషన్ ఉండేది కాబట్టి, చక్రం ఎంత నెమ్మదిగా తిరిగినా రవ్వ బలంగానే వచ్చేది. మీ జాన్సన్‌కు ఆ వెసులుబాటు లేదు. స్టార్టరు దాన్ని తగినంత వేగంగా తిప్పి తీరాలి.

కాబట్టి ఫ్లైవీలు ఎలాగూ విప్పుతారు కనుక దాని కింద ఉన్న రెండు కాయిళ్లనూ వెలుతురులో తిప్పి చూడండి. ఆ కాలపు కాయిళ్ల పైపూత పగుళ్లు తీయడం చాలా మామూలు విషయం. వెంట్రుక మందం పగులు కనబడినా మార్చేయండి. పాయింట్లను (తెరుచుకుంటూ మూసుకుంటూ రవ్వ సమయాన్ని నిర్ణయించే చిన్న స్విచ్చులను) శుభ్రం చేసి 0.5 మిల్లీమీటరు సందు పెట్టండి. రెండు సిలిండర్ల కంప్రెషన్ కొలిచి, రెండింటి మధ్య తేడా 15 పీఎస్‌ఐ దాటలేదని నిర్ధారించుకోండి.

చుక్కాని

నేను ఫ్లైవీలు గురించి మాత్రమే రాస్తాను. ఈ పని మొత్తంలో ప్రాణం మీదికి తెచ్చే భాగం అదొక్కటే.

అలలబాట గారూ, దయచేసి ఆ లేత్ పని చేయించకండి. పనివారి నేర్పును నేను శంకించడం లేదు. లెక్క చూడండి. రింగ్ గేర్ వ్యాసం 25 సెంటీమీటర్లు, మోటారు నిమిషానికి 5,000 చుట్లు తిరుగుతోందని అనుకుందాం. అంచు వేగం సెకనుకు సుమారు 65 మీటర్లు, అంటే గంటకు 230 కిలోమీటర్లకు పైనే. ఆ అంచున బిగించిన 20 గ్రాముల బోల్టును బయటికి లాగే బలం దాదాపు 70 కిలోల బరువుతో సమానం. బోల్టు ఒక్కదాని సంగతే ఇది. పళ్ల చక్రం ఒకవైపు అర మిల్లీమీటరు జరిగినా మొత్తం చక్రం సమతూకం తప్పుతుంది, క్రాంక్ షాఫ్ట్ బేరింగులు కొట్టుకుపోతాయి. చక్రం విడిపోయిందంటే ఆ పైనున్న పలుచని మూత దాన్ని ఆపలేదు. పడవలో మీరు కూర్చునేది దానికి ఒక్క చేయి దూరంలోనే.

మీ చేతిలోనే ఆర్‌డీఈ ఉంది కదా, దాని ఫ్లైవీలునే తీసుకోండి. ఒకే ఏడాది, ఒకే కుటుంబపు మోటార్లు కాబట్టి షాఫ్ట్ టేపరు (చక్రం కూర్చునే వాలు కొన), కీ గాడి (చక్రం స్థానాన్ని నిలిపే చిన్న లోహపు ముక్క కూర్చునే గాడి), అయస్కాంతాల స్థానం సరిపోవాలి. అయినా ఊహతో బిగించవద్దు. రెండు ఫ్లైవీళ్లనూ బోర్లా పెట్టి, కీ గాడి నుంచి అయస్కాంతాల వరకు ఉన్న దూరాన్ని రెండింటిలోనూ కొలిచి పోల్చండి. వేరే ఏడాది చక్రం టేపరు మీద చక్కగా కూర్చున్నా, అయస్కాంతం కొన్ని డిగ్రీలు పక్కకు ఉంటే పాయింట్లు తెరుచుకునే సమయానికి రవ్వ బలహీనంగా పుడుతుంది. అలాంటి మోటారు అప్పుడప్పుడు అందుకుంటుంది, అప్పుడప్పుడు మొండికేస్తుంది. ఎక్కడ తప్పుందో నెలల తరబడి దొరకదు.

విప్పేటప్పుడు ఫ్లైవీలు మధ్యలో ఉన్న మూడు మరల రంధ్రాలకు బిగించే పుల్లరునే వాడండి. అంచును పట్టి లాగే పుల్లరు వాడితే చక్రం వంగుతుంది. క్రాంక్ చివర సుత్తితో కొట్టవద్దు. తిరిగి బిగించేటప్పుడు టేపరు రెండు వైపులా నూనె, గ్రీజు లేకుండా పొడిగా ఉండాలి. చక్రాన్ని పట్టి ఉంచేది ఆ టేపరు బిగువే. షాఫ్ట్ కీ పని స్థానాన్ని చూపడం వరకే. ఆ కీని టేపరు వాలుకు కాకుండా, క్రాంక్ నడిగీతకు సమాంతరంగా కూర్చోబెట్టాలి. నట్టును మీ మోటారు సర్వీసు పుస్తకంలో చెప్పిన టార్కుకు టార్క్ రెంచితోనే బిగించండి.

నీటిగీత

అందరికీ నమస్కారం. ఇంత శ్రమ ఎందుకన్నది నా సందేహం. మూత తీసి, ఫ్లైవీలు నట్టు మీద సాకెట్టు పెట్టి, పెద్ద బ్యాటరీ డ్రిల్లుతో తిప్పి స్టార్ట్ చేసేవారిని చూశాను. మోటారు సవ్యదిశలోనే తిరుగుతుంది కాబట్టి నట్టు వదులయ్యే భయం కూడా లేదు. భుజానికి శ్రమ ఉండదు, మోటారులో ఏ మార్పూ చేయనక్కరలేదు.

చుక్కాని

నీటిగీత గారు, నట్టు విషయంలో మీరు చెప్పింది నిజమే. అయితే పొరపాటున ముందే రవ్వ పడి పిస్టను వెనక్కి తన్నినప్పుడు ఆ దెబ్బంతా డ్రిల్లు పట్టుకున్న మణికట్టుకు తగులుతుంది. మోటారు అందుకున్న క్షణంలో సాకెట్టు నట్టు మీదే ఉండిపోతే డ్రిల్లు మొత్తం చేతిలో గిరగిరా తిరుగుతుంది. పైగా బ్రష్షులున్న డ్రిల్లు లోపల రవ్వలు పుడుతూనే ఉంటాయి, అక్కడికి జానెడు దూరంలో కార్బురేటరు పెట్రోలు ఆవిరి వదులుతూ ఉంటుంది. ఇప్పటికే శస్త్రచికిత్స అయిన భుజానికి ఈ పద్ధతిని నేను ఏ విధంగానూ సూచించలేను.

నీటిగీత

వెనక్కి తన్నే సంగతి నేను ఆలోచించలేదు. నా సూచనను ఉపసంహరించుకుంటున్నాను.

తీగలదారి

వైరింగు ప్రశ్నకు నేను జవాబు చెబుతాను. రెండు కారు భాగాలూ వద్దు. కారణాలు వేర్వేరు కాబట్టి విడివిడిగా రాస్తున్నాను.

మొదట తాళం స్విచ్చు. కారులో తాళం ఆపు స్థానానికి తిప్పితే ఇగ్నిషన్‌కు వెళ్లే కరెంటు తెగిపోతుంది, ఇంజను ఆగుతుంది. మ్యాగ్నెటో అలా ఆగదు, దానికి బయటి కరెంటు అవసరమే లేదు. దాన్ని ఆపాలంటే ఆపే వైరును ఎర్త్‌కు కలపాలి. అందుకే ఔట్‌బోర్డ్ స్విచ్చులో ఎమ్ గుర్తున్న రెండు కొనలు ఉంటాయి. తాళం ఆపు స్థానంలో ఉన్నప్పుడు అవి రెండూ కలుస్తాయి, నడిచే స్థానంలో విడిపోతాయి. అంటే కారు స్విచ్చుకు సరిగ్గా తలకిందులు. ఆ కొనల దగ్గరికి బ్యాటరీ పాజిటివ్ పొరపాటున కూడా రాకూడదు. మ్యాగ్నెటో ఆపే వైరులోకి 12 వోల్టులు పంపితే పాయింట్లు, కాయిళ్లు చెడిపోతాయి. నేను ఒకసారి ఆపే వైరుకూ బ్యాటరీ పాజిటివ్ వైరుకూ ఒకే రంగు వాడి, చీకటిపడే వేళ తొందరలో మార్చి బిగించాను. తాళం తిప్పిన కాసేపటికే కాయిల్ వేడెక్కిన వాసన వచ్చింది. అప్పటి నుంచి ఆపే వైరుకు వేరే రంగు, వేరే రకం కొన వాడుతున్నాను, ఒకదాని చోట ఇంకొకటి పట్టనే పట్టదు.

తరువాత సోలనాయిడ్. కారు రకానికీ ఔట్‌బోర్డ్ రకానికీ బయటికి రెండు పెద్ద కొనలు, రెండు చిన్న కొనలు ఒకేలా కనిపిస్తాయి. ఔట్‌బోర్డ్ దానిలో ఒక చిన్న కొన తాళం నుంచి వచ్చే వైరుకు, రెండవది ఎర్త్‌కు. పాత కార్ల రకంలో కాయిల్ ఎర్త్ దాని ఒంటి నుంచే వెళ్తుంది. రెండవ చిన్న కొన స్టార్ట్ చేసేటప్పుడు ఇగ్నిషన్ కాయిల్‌కు పూర్తి 12 వోల్టులు పంపడానికి పెట్టింది. ఔట్‌బోర్డ్ వైరింగు బొమ్మ చూసి దాన్ని ఎర్త్‌కు కలిపారంటే, తాళం తిప్పగానే బ్యాటరీ కరెంటంతా ఆ సన్నటి వైరులో నుంచి ప్రవహించి కాల్చేస్తుంది. ఇంకొక మాట: మూసి ఉన్న మూత కింద పెట్రోలు ఆవిరి ఉంటుంది కాబట్టి, లోపలి రవ్వ బయటికి రాకుండా చేసిన మెరైన్ సోలనాయిడ్ మాత్రమే వాడాలి.

న్యూట్రల్ స్విచ్చును మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వదిలేయకండి. గేరులో ఉండగా స్టార్టరు తిరిగితే పడవ ఒక్కసారిగా ముందుకు దూకి, నిలబడి ఉన్న మనిషి నీటిలో పడతాడు. ఆర్‌డీఈలో ఈ స్విచ్చు, దాన్ని నొక్కే భాగం ఎక్కడున్నాయో చూసి, మొత్తంగా మార్చుకోండి.

అలలబాట

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. లేత్ పని మానుకున్నాను. ఆర్‌డీఈ ఫ్లైవీలు విప్పి కొలిచాను, కీ గాడి నుంచి అయస్కాంతాల దూరం రెండింటిలోనూ ఒకటే. నా కాయిళ్లలో ఒకదానికి అడుగున పగులు కనబడింది, రెండూ మార్చాను. మోటారు బాగున్న రోజుల్లో మూడు లాగుళ్లకు అందుకునేది, కంప్రెషన్ రెండు వైపులా దాదాపు సమానంగా ఉంది. నా మోటారు బ్లాకు మీద స్టార్టరు బ్రాకెట్టు కూర్చునే దిమ్మెలు పోతలోనే ఉన్నాయి, వాటిలో మరలు కూడా కోసి ఉన్నాయి.

ఇక రెండు ప్రశ్నలు. స్టార్టరును బల్ల మీద పెట్టి బ్యాటరీకి కలిపితే తిరుగుతోంది గానీ, పినియన్ (రింగ్ గేర్‌ను పట్టుకునే స్టార్టరు చిన్న పళ్ల చక్రం) సగం దాకా లేచి కిందికి పడిపోతోంది. పైగా పై నుంచి చూస్తే అపసవ్యదిశలో తిరుగుతోంది, మోటారేమో సవ్యదిశలో తిరగాలి. స్టార్టరు తప్పా? రెండవది, పడవ వెనుక భాగం ఇప్పటికే బరువుగా ఉంది, అందుకని బ్యాటరీని ముందు వైపు పెట్టవచ్చా?

చుక్కాని

దిశ సరిగ్గానే ఉంది. పళ్లు పట్టుకుని తిరిగే రెండు చక్రాలు ఒకదానికొకటి ఎదురు దిశలోనే తిరుగుతాయి కనుక, ఫ్లైవీలు సవ్యంగా తిరగాలంటే పినియన్ అపసవ్యంగా తిరగాలి.

పినియన్ లేచేది బెండిక్స్ అమరిక వల్ల. స్టార్టరు షాఫ్ట్ మీద మెలికల గాడి ఉంటుంది. షాఫ్ట్ ఒక్కసారిగా తిరిగినప్పుడు పినియన్ తన బరువు వల్ల వెంటనే తిరగలేక, ఆ మెలికల మీద మరలాగా పైకి ఎక్కి రింగ్ గేర్‌ను పట్టుకుంటుంది. మోటారు అందుకుని ఫ్లైవీలు వేగం పెరగగానే, అదే మెలిక పినియన్‌ను కిందికి విసిరేస్తుంది. ఈ మొత్తం పని ఆ గాడి శుభ్రంగా ఉండటం మీద నడుస్తుంది. మీ దాని మీద ఎవరో ఎప్పుడో గ్రీజు పూసి ఉంటారు, అది ఎండి జిగురైపోయి ఉంటుంది. ద్రావకంతో పూర్తిగా కడిగి, ఆరాక పలుచని నూనె ఒకటి రెండు చుక్కలు మాత్రమే వేయండి. గ్రీజు మళ్లీ పెట్టవద్దు.

తీగలదారి

బ్యాటరీ ముందు పెట్టవచ్చు, అయితే దూరానికి తగ్గట్టు కేబుల్ మందం పెంచాలి. స్టార్టరు 100 ఆంపియర్లు తీసుకుంటుందని, బ్యాటరీ 3 మీటర్ల దూరంలో ఉందని అనుకోండి. వెళ్లడానికి మూడు, రావడానికి మూడు కలిపి ఆరు మీటర్ల రాగి. 10 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ అయితే దారిలోనే సుమారు 1 వోల్టు పోతుంది, 16 అయితే 0.65, 25 అయితే 0.4 వోల్టు. స్టార్టరు తిరిగేటప్పుడు బ్యాటరీ వోల్టేజీ కూడా ఎలాగూ పడిపోతుంది కాబట్టి, ప్రతి అర వోల్టూ ఫ్లైవీలు వేగంలో కనిపిస్తుంది, మ్యాగ్నెటోమిత్ర గారు చెప్పినట్లు రవ్వలోనూ కనిపిస్తుంది. మీకు 25 చదరపు మిల్లీమీటర్ల, తగరం పూత ఉన్న రాగి కేబుల్ సరైనది. పాజిటివ్ కొనకు మూత, బ్యాటరీ కదలకుండా పట్టీ, గాలి ఆడే పెట్టె, తాళం స్విచ్చుకు వెళ్లే సన్న వైరుకు ఫ్యూజు తప్పనిసరి.

తెరచాప

నాది కాస్త భిన్నమైన అభిప్రాయం, అన్యథా భావించవద్దు. ఆ మోటార్లు తయారై దాదాపు ఏడు దశాబ్దాలు కావస్తోంది. తాడుతో స్టార్ట్ అయ్యే ఆర్‌డీని ఆర్‌డీఈగా మార్చేస్తే, అసలు రూపంలో మిగిలినవాటిలో ఒకటి తగ్గినట్లే కదా. పాత వస్తువును అది పుట్టిన తీరులోనే ఉంచాలని నేను బలంగా నమ్ముతాను. రెండవ ప్రపంచ యుద్ధానికి ముందు నాటి మోటార్లయితే మార్చమని నేను ఎవరికీ చెప్పను.

అలలబాట

తెరచాప గారు, మీ ఆవేదన నాకు అర్థమవుతుంది, అందుకే ఒక నియమం పెట్టుకున్నాను. నా మోటారు పోతలో కొత్త రంధ్రం ఒక్కటి కూడా పెట్టను, ఏదీ కోయను. పాత ఫ్లైవీలు, తాడు చుట్టే భాగం, వాటి బోల్టులతో సహా నూనె గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టాను, పెట్టె మీద మోటారు సంఖ్య రాశాను. ఎవరైనా ఒక్క పూటలో దీన్ని మళ్లీ ఆర్‌డీగా మార్చుకోవచ్చు.

తెరచాప

ఆ పద్ధతిలో అయితే నాకు అభ్యంతరం లేదు. విప్పిన క్రమంలో ఫొటోలు తీసి అదే పెట్టెలో పెడితే ఇంకా మంచిది.

అలలబాట

ఈ రోజు మొదటిసారి తాళం తిప్పాను. మోటారు తిరిగింది గానీ బరువుగా, ఆగి ఆగి తిరిగింది, అందుకోలేదు. పది సెకన్లకు మించి తిప్పకుండా, రెండేసి నిమిషాలు ఆగుతూ మూడుసార్లు ప్రయత్నించి మానేశాను. బ్యాటరీ కొత్తది, నిండా చార్జి చేసింది, కేబుల్ 25 చదరపు మిల్లీమీటర్లదే. ప్లగ్గులు తీసి చేత్తో తిప్పితే ఫ్లైవీలు తేలికగానే తిరుగుతోంది.

తీగలదారి

మల్టీమీటరును డీసీ వోల్టుల మీద పెట్టి, ఒక కొన బ్యాటరీ నెగటివ్ స్తంభానికి, ఇంకొక కొన స్టార్టరు ఒంటికి ఆనించి, వేరొకరిని తాళం తిప్పమనండి. తిరుగుతున్నప్పుడు ఎంత చూపిస్తుందో రాయండి. తరువాత బ్యాటరీ పాజిటివ్ స్తంభం నుంచి స్టార్టరు పెద్ద కొనకు కూడా అలాగే కొలవండి. ప్లగ్గు వైర్లను ఎర్త్ చేసి ఉంచడం మరచిపోవద్దు.

అలలబాట

పాజిటివ్ వైపు 0.4 వోల్టు. నెగటివ్ వైపు 1.9 వోల్టులు!

తీగలదారి

అయితే తప్పు ఎర్త్ దారిలోనే ఉంది. కేబుల్ బాగుంది కాబట్టి, బ్రాకెట్టుకూ బ్లాకుకూ మధ్య చూడండి. మీరు బ్రాకెట్టుకు రంగు వేశారా?

అలలబాట

వేశాను. బిగించే ముందు బ్రాకెట్టుకు అన్ని వైపులా రెండు పూతలు వేశాను, బ్లాకును ఆనుకునే ముఖం మీద కూడా. ఇప్పుడు విప్పి చూస్తే బోల్టు తల కింద వాషరంత గుండ్రటి చోట మాత్రమే రంగు నలిగి లోహం కనబడుతోంది, ఆ చోట నీలిరంగు మరక పడి ఉంది. స్టార్టరు కరెంటంతా ఆ సన్నటి వలయంలో నుంచే వెళ్లిందన్నమాట. రెండు ముఖాలనూ తెల్లటి లోహం వచ్చేదాకా గీకి, గరుకు కాగితంతో రుద్దాను. అదనంగా బ్యాటరీ నెగటివ్ కేబుల్‌ను స్టార్టరు బోల్టుకే నేరుగా బిగించాను. ఇప్పుడు అదే కొలత 0.2 వోల్టు.

చోక్ వేసి తాళం తిప్పాను. రెండు సెకన్లు కూడా పట్టలేదు, అందుకుంది. పినియన్ టక్కున కిందికి పడిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. గేరు వేసి తాళం తిప్పితే ఏమీ జరగలేదు, న్యూట్రల్ స్విచ్చు పనిచేస్తోంది. ఆపు స్థానానికి తిప్పితే వెంటనే ఆగింది. రెండేళ్ల తరువాత మొదటిసారి ఒక్కడినే పడవ తీసుకుని నీటి మీదికి వెళ్లి వచ్చాను.

నీటిగీత

చాలా సంతోషం అలలబాట గారు. మరి బ్యాటరీ చార్జింగు సంగతి? ఆ కాలపు కొన్ని పెద్ద మోటార్లలో ఫ్లైవీలు నుంచి బెల్టుతో తిరిగే జనరేటరు ఉండేది కదా, అది కూడా పెట్టాలా?

తీగలదారి

అవసరం లేదు. ఒక స్టార్టుకు 120 ఆంపియర్లు మూడు సెకన్ల పాటు అనుకుంటే 360 ఆంపియర్ సెకన్లు, అంటే 0.1 ఆంపియర్ అవర్. రోజుకు ఇరవైసార్లు స్టార్ట్ చేసినా 2 ఆంపియర్ అవర్లు మించదు. 40 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి అది లెక్కలోకి రాదు. ఒడ్డుకు వచ్చాక వారానికి ఒకసారి చార్జరు పెడితే చాలు. దీపాలు, చేపల జాడ చూపే పరికరం వంటివి కలిపితే మాత్రం లెక్క వేరు. అప్పుడు కూడా, రెగ్యులేటరు లేని పాత చార్జింగు అమరికకు లిథియం బ్యాటరీ కలపవద్దు.

మ్యాగ్నెటోమిత్ర

ఒక్క విషయం అడగాలి. తాడు చుట్టే భాగం పెట్టెలో పెట్టేశారు కదా, బ్యాటరీ దిగిపోయిన రోజున ఒడ్డుకు ఎలా వస్తారు?

అలలబాట

ఆర్‌డీఈ ఫ్లైవీలు మీద తాడు చుట్టుకునే గాడి, ముడి పట్టే గంటు ఉన్నాయి. మూత తీసి, ముడి వేసిన తాడును రెండు చుట్లు చుట్టి లాగితే అందుకుంటుందో లేదో నా మేనల్లుడి చేత ఒడ్డు దగ్గరే లాగించి చూశాను. రెండవ లాగుడుకు అందుకుంది. ఆ తాడు, ప్లగ్గు స్పానరు మూత లోపలి వైపు పట్టీ వేసి ఉంచాను. తోడు లేకుండా దూరం వెళ్లే రోజున తెడ్లు కూడా పడవలో ఉంటాయి.